గుక్కెడు బీరు, ఘన కిలోమీటర్లలో

లండన్ పబ్బులో ఒక పైంటు బీరు పట్టించిన మనిషి ఇంటికెళుతూ పోలీసులకు దొరికాడనుకోండి. ఎంత తాగావని అడిగితే, “0.000000000000568 ఘన కిలోమీటర్లు, అంతే దొరగారూ” అని నిబ్బరంగా చెప్పొచ్చు. అందులో అబద్ధమేమీ లేదు. లెక్క కావాలంటే ఇంటర్నెట్‌లో కొలతలు మార్చిపెట్టే యంత్రాలు బోలెడున్నాయి. పైంటే కాదు, గిల్లు, ఔన్సు, డ్రాము ఏదిచ్చినా గిగాలీటర్లలోకో ఘన కిలోమీటర్లలోకో మార్చి చేతిలో పెడతాయి. పైసా తీసుకోవు. పక్కన మోకాళ్ల నొప్పుల తైలం ప్రకటన చూస్తే చాలు.

వీటిలో నాకు బాగా జాలేసింది మినిమ్‌ను చూసి. ఔన్సులో 480వ వంతు, అంటే ఇంచుమించు ఒక చుక్క. అసలు అది పుట్టిందే చుక్కల మీద నమ్మకం లేక. సీసా మూతిని బట్టి, మందు చిక్కదనాన్ని బట్టి చుక్క చిన్నదీ పెద్దదీ అవుతోందని, 1809లో లండన్ ఫార్మకోపియా వాళ్లు దీన్ని ఖాయం చేశారు. నల్లమందు టింక్చరు ఒక చుక్క ఎక్కువైతే రోగి లేవడు మరి. అంత ప్రాణభయంతో పుట్టిన కొలతను ఇప్పుడు ఘన కిలోమీటర్లలోకి మారుస్తున్నారు. దశాంశ బిందువు తర్వాత 16 సున్నాలు దాటితే గానీ మొదటి అంకె కనబడదు. కొన్ని యంత్రాలకు అంత ఓపిక ఉండదు, పది సున్నాలు వేసి ఊరుకుంటాయి. వాటి లెక్కన రోగి మందే తాగలేదు.

మన ఊళ్లలో ఒకప్పుడు కాంపౌండరు ఎర్ర మిక్చరు సీసాకు మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం ముక్క అంటించి, పూటకో మెట్టు తాగమనేవాడు. దశాంశాలూ లేవు, గిగాలూ లేవు. చదువు రాని ముసలమ్మ కూడా తప్పకుండా తాగేది.

ఇంతకీ గిల్లును ఘన కిలోమీటర్లలో అడిగిందెవరు? ఎవరూ అడగలేదు. జాబితాలో 60 కొలతలుంటే, ఒక్కోదాన్ని మిగతా 59కి ముడేస్తే 3,540 పేజీలవుతాయి. పేజీకో ప్రకటన. పెళ్లిళ్ల పేరయ్యకు కమీషను ముఖ్యం గానీ జాతకాలెందుకు? ఒక ఘన కిలోమీటరుకు దాదాపు 1,75,975 కోట్ల పైంట్లు. భూమ్మీదున్న 800 కోట్ల మందికీ, పసిపిల్లలతో సహా, తలా 220 పోయొచ్చు. ఈ జంటకూ ముహూర్తం పెట్టేశారు.

పోనీ పదమూడు దశాంశాలు లెక్కగట్టే ఈ ఘనులు ఏ గ్యాలనో చెబుతారా? బ్రిటన్ 1824లో పాత వైన్ గ్యాలన్‌నూ, బీరు గ్యాలన్‌నూ మూలకు నెట్టి ఇంపీరియల్ గ్యాలన్ తెచ్చుకుంది. ఇవాళ చట్టం ప్రకారం అది 4.54609 లీటర్లు. అమెరికా మాత్రం ఆన్ రాణి నాటి వైన్ గ్యాలన్‌నే పట్టుకు వేలాడుతోంది. అది 3.785 లీటర్లు. రెంటికీ ఇరవై శాతం తేడా. కొన్ని యంత్రాల్లో ఉత్త “గ్యాలన్” అనే ఉంటుంది. మొదటి అంకెకే దిక్కు లేదు, పదమూడో అంకెకు పట్టాభిషేకం!

పెద్ద కొలతలకు పనే లేదని కాదు. నాగార్జునసాగర్ ముందు నిలబడి లీటర్లు లెక్కపెట్టమంటే ఎవరివల్లవుతుంది? అక్కడ ఘన కిలోమీటరు కావలసిందే. కానీ అక్కడ దాన్ని గడప తొక్కనివ్వరు. 1956లో చట్టం చేసి మెట్రిక్ పద్ధతి తెచ్చుకున్న దేశంలో సాగర్ నీటిమట్టం నేటికీ 590 అడుగులు, వచ్చే వరద క్యూసెక్కులు, నిల్వ 312 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులని, లీటర్లలో 2,831 కోట్ల పైచిలుకని రోజూ పేపరు చదివేవాళ్లలో ఎందరికి తెలుసు? నిండు సాగర్ మొత్తం 8.8 ఘన కిలోమీటర్లు. చిన్న అంకె, ఇట్టే గుర్తుంటుంది.

గుర్తుండడంతోనే వచ్చింది చిక్కు. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన కృష్ణా నీళ్లు 811 టీఎంసీలు. విడిపోయాక 512, 299 అంటూ రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి కొట్లాడుకుంటున్నది వాటి మీదే. ఘన కిలోమీటర్లలో చెబితే అంతా కలిపి 23. ఇరవైమూడింటి కోసం మైకుల ముందు గొంతు చించుకుంటే జనం నవ్వరూ? నాయకులకు ఈ మార్పిడి రుచించదు. తిరగేసి మార్చండి, 5 లక్షల కోట్ల గ్యాలన్లు. సభ దద్దరిల్లుతుంది. బ్రిటిషు గ్యాలన్లా, అమెరికా గ్యాలన్లా అని అడిగేవాడు ఎలాగూ ఆ సభకు రాడు.