పేర్ల పట్టిక

హైదరాబాద్‌లో ఒక కంపెనీ. అక్కడి సర్వర్ సాఫ్ట్‌వేర్ మెమరీ మింగేస్తోంది. సెట్టింగ్ మార్చి రీలోడ్ చేసిన ప్రతిసారీ వాడకం పెరుగుతుంది, మళ్లీ తగ్గదు. నిండిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు అర్ధరాత్రి లేచి రీస్టార్ట్ చేయాల్సి వస్తోంది.

కారణం వెతికే పని టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి అప్పగించారు. ఆమె మాస్టర్ ప్రాసెస్ మెమరీ మ్యాప్ తెరిచి చూసింది. వర్కర్లన్నీ కలిసి వాడుకునే షేర్డ్ మెమరీ ముక్కలు అందులో ఉన్నాయి. సెషన్ల పట్టిక, రిక్వెస్టుల లెక్క, సర్టిఫికెట్ల క్యాష్, లాగ్ క్యూ. అన్నీ 16 ఎంబీలే. ఏది ఏదో చెప్పే ఆనవాలు లేదు. ప్రతి వరుస చివరా ఒకటే మాట: ‘డెవ్ జీరో, డిలీటెడ్’. ఏ ఫైలుతోనూ సంబంధం లేని షేర్డ్ మెమరీని లినక్స్ అలాగే చూపిస్తుంది. అలాంటి వరుసలు 37 ఉన్నాయి.

ఆమె లీడ్ దగ్గరికి వెళ్లింది.

“వీటికి పేర్లు పెడదాం సర్.”

“పెడితే సర్వర్ వేగం పెరుగుతుందా?”

“పెరగదు సర్.”

“మరెందుకమ్మా?”

“దేనివల్ల ఏం జరిగిందో తెలియాలంటే పేరుండాలి కదా సర్.”

లీడ్ కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

మెమరీకి ఇలా పేరు పెట్టడం ఆండ్రాయిడ్‌లో ఏళ్ల తరబడి ఉన్న సదుపాయమే. 2022లో 5.17 వెర్షన్‌తో లినక్స్ ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది. షేర్డ్ మెమరీకి కూడా పేరు పెట్టే వీలు 2023లో, 6.2తో కలిగింది. మెమరీ తీసుకున్న చోటల్లా ఆమె ‘పీఆర్‌సీటీఎల్’ కాల్ ఒక్కటి చేర్చింది. పేరు 79 అక్షరాలు దాటకూడదు. ఆమె పెట్టినవి రెండేసి మాటల పేర్లే. పాత కెర్నెల్ మీద ఆ కాల్ విఫలమైనా సర్వర్ పని ఆగదు.

సర్వర్‌ను కొత్తగా మొదలుపెట్టి, మూడుసార్లు రీలోడ్ చేసి మ్యాప్ చూసింది. సెషన్ల పట్టిక ఒకటి. రిక్వెస్టుల లెక్క ఒకటి. లాగ్ క్యూ ఒకటి. సర్టిఫికెట్ల క్యాష్ నాలుగు. రీలోడ్ అయినప్పుడు కొత్త క్యాష్ పుడుతోంది, పాతదాన్ని ఎవరూ వదిలించడం లేదు. వదిలించే కోడ్ రెండు లైన్లు. ఆ సాయంత్రమే రాసింది. మెమరీ పెరగడం ఆగిపోయింది.

నెలాఖరున లీడ్ పైవాళ్లకు రిపోర్టు పంపాడు. సమస్య, కారణం, పరిష్కారం, నాలుగు మెమరీ ముక్కల పేర్లు వివరంగా రాశాడు. పేరు లేని షేర్డ్ మెమరీ ఇకపై కోడ్‌లో ఎక్కడా ఉండకూడదని కొత్త నిబంధన కూడా చేర్చాడు.

చివరి పేజీలో ఈ పనిలో పాల్గొన్నవాళ్ల జాబితా ఉంది. మొదట లీడ్ పేరు. తర్వాత ఇద్దరు మేనేజర్ల పేర్లు. నాలుగో వరుసలో: ‘కాంట్రాక్ట్ రిసోర్స్ - 1’.