కిరసనాయిలు మానేశాను

1990ల్లో పాలకొల్లు చుట్టుపక్కల పెళ్ళి చేసుకున్నవాళ్ళకి నా మొహం గుర్తుండకపోవచ్చు గానీ, నా మోత గుర్తుండే ఉంటుందండి. ఊరేగింపులో ముందు సన్నాయి మేళం, తరవాత పెళ్ళికొడుకు కారు, దానికి రెండు పక్కలా ట్యూబులైట్లు నెత్తిన పెట్టుకుని నడిచే ఆడకూలీలు, అందరికన్నా వెనక రిక్షాలో నేను. లైటుకీ లైటుకీ మధ్య వైరు, ఆఖరి వైరు నా సాకెట్లో. ముందున్న కుర్రాళ్ళు డాన్సులేస్తూ ఆగిపోతే ఆ వైరు కాళ్ళకి చుట్టుకునేది. మేళం ఉన్నట్టుండి కదిలిందా, వైరు బిగిసి నా ప్లగ్గు ఊడొచ్చేది. పెళ్ళికొడుకు చీకట్లో ఉండిపోయేవాడు. తిట్లు మాత్రం రిక్షా అతనికి.

నేను కిలోవాటు లోపు సరుకుని. పెట్రోలుతో స్టార్టయి, ఒళ్ళు వేడెక్కాక కిరసనాయిలు మీదికి మారేదాన్ని. ఆపేముందు మళ్ళీ పెట్రోలు మీదికి తిప్పి కాసేపు నడపాలి. అది మర్చిపోతే కార్బురేటర్లో కిరసనాయిలు నిలిచిపోయి, మర్నాడు తాడు లాగేవాడి భుజం ఊడిపోయేది. పొగ సంగతి సరేసరి. 2002 సెప్టెంబరు నుంచి నాలాంటి కొత్త జనరేటర్ల మోతకి ప్రభుత్వం 90 డెసిబెల్స్ హద్దు పెట్టింది. నేను అంతకు ముందే పుట్టేశాను లెండి.

పెళ్ళిళ్ళ కన్నా నాకు ఎక్కువ మర్యాద దక్కింది మాత్రం తుపానులోనే. 1996 నవంబరు 6న, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా విరుచుకుపడింది. కొబ్బరిచెట్లు వరసపెట్టి పడిపోయాయి, కరెంటు స్తంభాలు వాటితోపాటే ఒరిగాయి. అప్పుడు నన్ను లైట్ల కోసం ఎవరూ అడగలేదు. వీధివీధికీ తిప్పి, అర హెచ్‌పీ మోటార్లకి తగిలించి, డాబాల మీద టాంకులు నింపించుకున్నారు. మోటారు కదిలే ఆ ఒక్క క్షణం మామూలుకి మూడు నాలుగింతలు కరెంటు లాగుతుంది. నా గొంతు పూడుకుపోయి, మళ్ళీ తేరుకునేది. ఆ క్షణంలో చుట్టూ బిందెలతో నిలబడ్డవాళ్ళ ముఖాలు చూడాలి!

తరవాత ఎల్‌ఈడీలొచ్చాయి, వాన్ల మీద పెద్ద డీజిలు జనరేటర్లొచ్చాయి, రేషను కిరసనాయిలు ఆగిపోయింది. సప్లయర్స్ షాపు మూల గోనెసంచుల కింద పడున్నాను. టాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి జెట్టు మూసుకుపోయింది. అప్పుడు కొనుక్కున్నారు మా ఓనరుగారు, ఇంచుమించు పాత ఇనుము ధరకి. కొబ్బరి వ్యాపారం పిల్లలకి అప్పగించి, పాత టెంపో ట్రావెలర్లో సీట్లు పీకించి, మంచం, అలమర, చిన్న ఫ్రిజ్జు పెట్టించారాయన. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన ఊరు కాబట్టి కారవాన్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచక్కర్లేదు. అయినా అమ్మగారు దాన్ని ‘బండి’ అనే అంటారు.

నాకు గ్యాసు కిట్టు వేయించింది మెకానిక్కు కుర్రాడి సలహా మీద. “బాబాయిగారూ, మీరు ఏడాదికి నాలుగుసార్లు తిప్పే బండికి పెట్రోలెందుకండీ? తిప్పని బండికి పెట్రోలే శత్రువు,” అన్నాడు. ఒక్క ముక్కలో నా రోగం చెప్పేశాడు. గ్యాసు సిలిండరులో ఎన్నాళ్ళున్నా పాడవదు, కార్బురేటర్లో జిగురు కట్టదు. ఎన్ని నెలలు మూలనున్నా, నాలుగైదు లాగుళ్ళలో లేస్తాను. బలం ఓ పదో వంతు తగ్గింది. దానికి బదులు ఆయిలు చాలాకాలం తేనెరంగులోనే ఉంటోంది.

కిట్టులో అసలు పనితనమంతా రెగ్యులేటరుదే. లోపల పల్చటి రబ్బరు పొర. నేను గాలి పీల్చినప్పుడు ఆ లాగుడుకి పొర కదిలి గ్యాసు వదులుతుంది, నేను ఆగితే అదీ ఆగిపోతుంది. పసిబిడ్డ లాగితేనే పాలు వచ్చినట్టు. ఇంట్లో వంటకిచ్చే సిలిండరు నాకు వాడకూడదు కాబట్టి ఏజెన్సీలో విడిగా అమ్మే అయిదు కేజీలది తెస్తారు. లోడు మీద గట్టిగా నడిస్తే సిలిండరు చల్లబడి, మన గోదావరి తేమగాలికి దాని ఒంటికి చెమట పడుతుంది. ఆ చెమట గీత ఎంతవరకుందో గ్యాసు అంతవరకే ఉన్నట్టు. తూచక్కర్లేదు.

కార్తీకంలో పంచారామాలు తిరిగొచ్చాం. క్షీరారామం మన వీధిలోదే కనక అది ఆఖర్న. శీతాకాలం లంబసింగి వెళ్ళినప్పుడు మాత్రం నా పరువు పోయింది. మన సిలిండర్లలో ఉండేది ప్రొపేను, బ్యుటేను కలిపిన గ్యాసు. ప్రొపేను మైనస్ 42 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, బ్యుటేను సున్నాకి కాస్త కింద. పైగా వాడుతుంటే ప్రొపేనే ముందు ఎక్కువగా పోయి, అడుగున బ్యుటేను మిగులుతుంది. అది అడుగంటిన సిలిండరు, వణికించే తెల్లవారుజాము. నేను దగ్గాను, ఆగాను. ఎండెక్కేదాకా కాఫీ లేదు. చలిదేశాల్లో కారవాన్లకి అచ్చంగా ప్రొపేనే ఎందుకు పోస్తారో ఆ పూట తెలిసింది.

ఎక్కువగా మా మకాం చించినాడ వంతెన దాటి దిండి దగ్గరే, వశిష్ఠ ఒడ్డున. కొబ్బరినీడలో బండి, బండికి దూరంగా నేను, పైరగాలి పొగని అవతలికి తోసేటట్టు. ఓసారి చినుకులు మొదలయ్యాయి.

“ఏవండీ, పాపం తడిసిపోతోంది, లోపల పెట్టేద్దామా?”

“ఆపి పెడితే పెట్టు. నడుస్తూ మాత్రం వద్దే, పడుకున్నవాళ్ళం లేవం.”

ఆయన మాట నిజం. గ్యాసు కారితే వాసన తెలుస్తుంది, అందుకని మందు కలుపుతారు. నా పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసనే లేదు. గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. అందుకే సిలిండరు పెట్టె బండి వెనక బయటే, అడుగున చిల్లులతో.

రాత్రంతా నేను మొత్తుకోనక్కర్లేదు. సాయంత్రం రెండు గంటలు బ్యాటరీ నింపితే ఫ్యాన్లూ లైట్లూ తెల్లారేదాకా దాని మీదే. ఏసీ, ఇండక్షన్ పొయ్యి నా వల్ల కావు. అమ్మగారు ఒకసారి పొయ్యి తగిలించి చూశారు, నేను మూలిగి పడుకున్నాను.

అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియోలో అక్కడి కారవాన్ల కడుపులో కూర్చునే ఒనాన్ ప్రొపేన్ జనరేటర్లు చూపించాడు. అక్కడి పార్కుల్లో రాత్రిళ్ళు వాటిని తిప్పనివ్వరట. “నాన్నా, దీన్ని తీసేసి సోలారు పెట్టించు, లిథియం బ్యాటరీ నేను పంపిస్తా,” అంటాడు. కొబ్బరినీడలో ప్యానెలుకి ఎండెక్కడ, కాయ పడితే అద్దమెక్కడ అని ఈయన వాదన. చివరికి భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం చూడబోయేలోగా ఒక ప్యానెలు పెట్టిద్దామన్నారు. పచ్చడి మిక్సీ మాత్రం నా మీదే తిప్పుతానంటున్నారు అమ్మగారు. బ్యాటరీ మీద తిప్పితే పెసరట్టు వేళకి ఫ్యాను ఆగిపోతుందని ఆవిడ అనుమానం.