రెండో ఫొటో పడలేదా? కూలి గోవిందా!

సెల్‌ఫోన్ల గురించి మాకు చెప్పొద్దు సామీ. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లోనే షావోమీ ఫోన్లు బిగించింది. రేణిగుంట విమానాశ్రయం పక్కన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో సెల్‌కాన్ ఫ్యాక్టరీని 2017లో ముఖ్యమంత్రే వచ్చి ప్రారంభించారు. ఫోన్లు మా ఆడబిడ్డల చేతుల మీదుగా బయటికి పోయాయి. మరి ఆ ఫోన్ తెర మీద ఏ మీట ఎక్కడుండాలో, ఎప్పుడు నొక్కాలో తేల్చేదెవరు? ఢిల్లీలో చల్లటి గదుల్లో కూర్చున్న దొరలు. వాళ్లకు మే నెల రేణిగుంట ఎండ తెలుసా?

ఉపాధి హామీకి తెచ్చిన హాజరు యాప్ సంగతే చూడండి. పేరు ఎన్ఎంఎంఎస్. 2021 మేలో వదిలారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు ప్రతి పనిచోటా తప్పనిసరి చేశారు. పారదర్శకత అన్నారు. దొంగ మస్టర్లు బంద్ అన్నారు. సరే, ఒప్పుకున్నాం. కూలీల హాజరు చూసే మేట్ పొద్దున ఒక ఫొటో తీయాలి. నాలుగు గంటలాగి ఇంకోటి తీయాలి. రెండోది ఎక్కకపోతే ఆ రోజు కష్టం నీళ్లపాలే.

ఇక్కడే ఉంది తిరకాసు. ఉపాధి కూలి గంటల లెక్కన రాదు, తవ్విన మట్టి కొలతను బట్టి వస్తుంది. అందుకే ఎండ ముదరకముందే పని తెమల్చుకుని ఇల్లు చేరదామని జనం తెల్లారేసరికే పార పడతారు. పని అయిపోయింది. కొలత సరిపోయింది. ఫొటో టైం మాత్రం కాలేదు! ఏం చేయాలంటారు? తవ్విన గుంట ఒడ్డున కూర్చుని గడియారం చూడాలా? ఇంటికెళ్లి మళ్లీ ముఖం చూపించడానికి రావాలా? ఇంత చిన్న విషయం తెర గీసినవాడికి ఎవరూ చెప్పలేదా? చెప్పినా చెవిన పడలేదా?

ఇక ఆ తెర. ఎండ సూటిగా పడితే అందులో మేట్‌కు కనిపించేది తన ముఖమే. చెమట పట్టిన వేలికి మీట పలకదు. ఫొటో తీయడానికి సిగ్నల్ అక్కర్లేదట, ఎంత దయ! ఎక్కించడానికి మాత్రం కావాలి. ఫోన్ ఎవరిది? మేట్‌ది. డేటా? అదీ మేట్‌దే. మరి సర్కారుది ఏముంది? పర్యవేక్షణ!

పోనీ, దొంగతనం ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్‌లో రాసుకుంది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కుతున్నాయట. ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారట. విరుగుడేమిటి? పంచాయతీలో ప్రతి ఫొటోనూ మనుషులే సరిచూడాలట! మనుషుల్ని నమ్మక యాప్ తెచ్చారు. యాప్‌ను నమ్మలేక మళ్లీ మనుషుల్ని పెట్టారు. భేష్!

ఢిల్లీనే అనడమెందుకు? మన రాష్ట్ర సర్కారు తక్కువ తిందా? 2022లో అయ్యవార్లను ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసుకోమంది, అదీ సొంత ఫోన్‌లోనే. బడి మరుగుదొడ్ల ఫొటోలు ఎక్కించే పనీ వాళ్ల నెత్తినే పెట్టింది. బీఎడ్ చదివింది ఇందుకే కాబోలు.

ఈ యాప్‌లను బాగుచేయడం అంత కష్టమా? 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న మన అక్షరం ఒక్కటి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా గగ్గోలు. ఆ నెల తిరక్కుండానే ఆపిల్ కొత్త అప్‌డేట్ పంపింది. తెలుగు అక్షరం ఖరీదైన ఫోన్‌ను పడగొడితే అంత ఉరుకులు, పరుగులు. అదే, ఫోన్‌లోని యాప్ తెలుగు కూలోడి కడుపు కొడితే? ఇంకో సర్క్యులర్!

తెరలు గీసే దొరలూ, వచ్చే మే నెలలో రేణిగుంటకు దయచేయండి. విమానాశ్రయం ఉంది, రావడానికి ఇబ్బందేమీ లేదు. సొంత ఫోన్ తెచ్చుకోండి, డేటా మీరే వేయించుకోండి. చెరువులో దిగి ఒక్క మస్టరు ఎక్కించండి. రెండో ఫొటో పడకపోతే ఆ రోజు మీ జీతం కోత. ఒప్పుకుంటారా?