ప్రవేశపత్ర వైభవము

ఒక కుర్రవానికి అయిదు కాలేజీలవారు సీటిచ్చెదమని లేఖలు పంపినారనగా, వాని తండ్రి కాశీబుగ్గ బజారులో నడచు నడకయే మారిపోవును. విశాఖపట్టణమునుండి ఒకటి, గుంటూరు వైపునుండి రెండు, చెన్నపట్టణమునుండి ఒకటి, పొరుగున భువనేశ్వరమునుండి మరియొకటి, ఇట్లు వచ్చిన రంగురంగుల పత్రములను సెల్‌ఫోనులో ఎదురైనవారికెల్ల చూపుచు, "దేన్ని వదులుకోవాలో తోచడం లేదండీ" యని యాయన పడు విచారమునందు పదునాలుగణాలు సంతోషమే.

ఇట్టి ధన్యులకు నాదొక మనవి. తమ సొంత ప్రవేశపరీక్ష యొకటి పెట్టి, వ్రాసినవారికెల్ల ర్యాంకును, ర్యాంకు వచ్చినవారికెల్ల సీటును, సీటు వచ్చినవారికెల్ల "ఈ వారంలోపల కట్టినచో" అను షరతుపై స్కాలర్‌షిప్పును ప్రసాదించు ఉదారసంస్థలు నేడు లేకపోలేదు. పలాస జీడి కర్మాగారములలో ఆడువారు పప్పును గుండు, బద్ద, ముక్క యని వేరుచేయుదురు. పౌనుకు 180 గుండ్లు తూగినదానికొక ధర, 320 తూగినదానికి వేరొక ధర. ముక్కను గుండని అమ్మజూచినచో కొనువాడు ఊరకుండడు. ప్రవేశాల కార్యాలయమునందు మాత్రము వచ్చినవన్నియు గుండ్లే.

ఇంతలో పి.ఆర్.ఓ. గారు వేంచేయుదురు. ఈయన తరచుగా మన చుట్టమే. చేర్చిన తలకింతయని కమీషను పుచ్చుకొనువాడు. "మావయ్యా, నూటికి నూరు ప్లేస్‌మెంట్లు! నా పూచీ" యని ఆయన ప్రమాణము చేయును. ఆ నూటికి ముందు "అర్హులైనవారిలో" అను మాట చీమతలకాయంత అక్షరములలో దాగియుండవచ్చుననియు, అర్హతను నిర్ణయించువారు కాలేజీవారే యనియు మావయ్యకు తట్టదు. పిమ్మట, కళాశాలల నాణ్యతను తూచు నాక్ సంస్థవారి గ్రేడు ప్రశంస. ఆ గ్రేడు కొరకై తనిఖీ సంఘమువారికి నగదును, బంగారమును, ల్యాప్‌టాపులను ముట్టజెప్పిరను ఆరోపణపై, గుంటూరు జిల్లాలోని యొక విద్యాసంస్థ అధికారులను, సంఘసభ్యులను సి.బి.ఐ. 2025 ఫిబ్రవరిలో నిర్బంధించినది. ఆ వార్తను చదివి "ఔరా!" యనుకొన్న పెద్దమనిషియే, చేరిన పిల్లవానికి ల్యాప్‌టాపు ఉచితమని వినగానే కరగిపోవుచున్నాడు. విద్యారంగమున ఆ యొక్క వస్తువునకు ఇంతటి ప్రాశస్త్యమెట్లబ్బినదో!

సరే, ఆ అయిదు లేఖలను చాపమీద పరచి చూతము. ఊళ్లు వేరు, ఫీజులు వేరు, హాస్టలు ఛాయాచిత్రములు వేరు. కోర్సు మాత్రము అయిదింటను కంప్యూటర్ సైన్సే. ఒకదానికి కృత్రిమ మేధ, మరియొకదానికి డేటా సైన్సు అను తోకలు తగిలించినారు, అంతియే భేదము. ఈఏపీసెట్ ఆప్షన్లు పెట్టు నెట్‌సెంటరు కుర్రవాడు సైతము, పిల్లవాని మొగమైనను చూడకయే, సి.ఎస్.ఇ. లన్నిటిని పైనుండి క్రిందివరకు కొట్టిపెట్టును. ఇంటినుండి బస్సులో పోయిరాదగిన టెక్కలి ఐతం కళాశాల 2001 నుండియు అచ్చటనే యున్నది; కాని "మన ఊరిదే గదా" యను మహాదోషమొకటి దానిని జాబితా అడుగునకు నెట్టుచున్నది.

ఆ లేఖలనట్లుంచి, మన ప్రాంతపు అక్కరలను చూతము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ పలాస తీరమున కొబ్బరిని, జీడిని నేలమట్టము చేసినది. పలాస చుట్టునున్న ఉద్దానపు పల్లెలవారి మూత్రపిండములను తినివేయుచున్న వ్యాధికి మూలమిదియని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు రెండువందల పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును తెరచిరి. ఆ కేంద్రమున నీటిని, మట్టిని, రక్తమును శోధింపవలసినవారెవ్వరు? కూలిన తోటల స్థానమున గాలికి నిలువగల చెట్టును పెంచి చూపవలసినవారెవ్వరు? రసాయనశాస్త్రమో, భూగర్భశాస్త్రమో, వ్యవసాయమో చదువుమని ఆ అయిదు లేఖలలో ఒక్కటియు పిలువలేదు. పిలువలేదేమని తండ్రియు అడుగలేదు.

ఫీజు గడువు రేపటితో ముగియుననగా, ఇంటిల్లిపాదియు కూర్చుండి, తుదకు కుర్రవానినే అడుగుదురు: "ఏట్రా బాబూ, నీకేటి కావాల?" వాడు తలవంచుకొని, పక్కవీధి స్నేహితుడు ఎక్కడ చేరితే తానును అక్కడనేయని చెప్పును. పక్కవీధిలో ఆ స్నేహితుని తండ్రియు అప్పటికే ఫోను చేతబట్టి, వీరెక్కడ కట్టినారో కనుగొనుమని పి.ఆర్.ఓ. ను తొందరపెట్టుచున్నాడు.