ప్రాంప్టు విద్వాంసుడు

ప్రాంప్టు విద్వాంసుడికి సరిగమలు రానక్కర్లేదు, సెల్‌ఫోనుంటే చాలు. "తొంభైల మెలోడీ, వాన, వేణువు, కాస్త విషాదం" అని సునో అనే ఏఐ పాటల యాప్‌లో కొడతాడు. పాట వచ్చేలోగా టైటిల్ కార్డు సిద్ధమైపోతుంది: "సంగీతం" అన్న మాట చిన్నగా, పక్కన తన పేరు తాటికాయంత అక్షరాల్లో. యంత్రం "కళ్ళు" అనాల్సిన చోట "కల్లు" అన్నా ఆయనకు పట్టదు. అది ఫీలట.

ఉచిత ఖాతాలో చేసిన పాటతో డబ్బు చేసుకోకూడదు. చందా కట్టినవారికే సునో వాణిజ్య హక్కులిస్తుంది. విద్వాంసుడు పాట హిట్టయ్యాక చందా కడతాడు, పెళ్లయ్యాక ముహూర్తం పెట్టించినట్టు. పాత పాటకు ఆ చందా వర్తించదు.

చందా కట్టినంత మాత్రాన కాపీరైటు రాదు, అది చట్టం ఇవ్వాలి. ఉత్త ప్రాంప్టు రాసినవారు కర్త కారని అమెరికా కాపీరైటు ఆఫీసు 2025 జనవరిలో తేల్చింది. ఆ మాటంటే ఆయన మన 1957 చట్టం తీస్తాడు. కంప్యూటరు పుట్టించిన కృతికి, దాన్ని పుట్టేలా చేసిన వ్యక్తే కర్త అని అందులో ఉన్నమాట నిజమే. అది 1994 సవరణలో చేరింది. అప్పటి శాసనకర్తల మనసులో ఈయన ఉన్నాడనుకోవడం కష్టం.

ఆయన నిజంగా ఇరుక్కునేది భక్తి పాటలో. అన్నమయ్య 1503లో పోయాడు, ఇంక అడిగేదెవరని ధీమా. సాహిత్యం వరకు ఆ ధీమా సబబే. కానీ జనం నోళ్లలో నానుతున్న వరుసల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టారు. కర్త పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. నేదునూరి 2014లో కన్నుమూశారు, అంటే ఆయన వరుసలకు 2074 దాకా రక్షణ ఉంది. రికార్డింగుకు హక్కు వేరు. విద్వాంసుడు ఆ రికార్డింగునే ఎక్కించి "లోఫై చెయ్యి" అంటాడు.

తర్వాత ఆయన మనసు బాలు గొంతు మీదికి పోతుంది. "కీడా కోలా" సినిమాలో ఏఐతో ఆ గొంతు సృష్టించి వాడారంటూ బాలు కొడుకు ఎస్పీ చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును అలా అనుకరించకుండా ఉత్తర్వులిచ్చింది. ఇవేవీ మన విద్వాంసుడి చెవిన పడవు. ఆయనకు తెలిసిన న్యాయశాస్త్రమల్లా వీడియో కింద అతికించే "నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్". దాన్ని యూట్యూబ్‌లో పాటల పోలికలు పట్టే కంటెంట్ ఐడీ చదవదు, వరుసనే వింటుంది.

క్లెయిము పడితే ప్రకటనల డబ్బు హక్కుదారుకు మళ్లవచ్చు. "ట్యూన్ నా సొంతం" అని మొండికేస్తే స్ట్రైకు దాకా వెళ్తుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ ఎత్తేస్తారు. ఆలోగా ఆయన రెండో ఛానల్ తెరిచే ఉంటాడు, బావమరిది పేరు మీద.