ఓ నీతీ, రేపు రా

ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో రాసి ఉండేది: ‘ఓ స్త్రీ, రేపు రా’. రాత్రిపూట వచ్చిన దెయ్యం అది చదువుకుని, సరేలెమ్మని వెనక్కి పోయేదట. మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. పాపం, దెయ్యానికి చదువొచ్చు గానీ తేదీలు తెలియవు. ఈ కిటుకు మీద మనం పేటెంటు తీసుకోకపోవడం పెద్ద పొరపాటు. చాక్లెట్ కంపెనీలు పాతికేళ్ళుగా దాన్ని పైసా ఇవ్వకుండా వాడుకుంటున్నాయి.

2001లో అమెరికా దిగువ సభ ఒక చిన్న మాట అంది. పిల్లల చేత బానిస చాకిరీ చేయించకుండా తయారైన చాక్లెట్ అయితే ఆ ముక్క పొట్లం మీదే అచ్చు వేయించుదాం, ఆ ముద్ర సంగతి చూడడానికి కొంత డబ్బు కేటాయిద్దాం అని. 291 మంది ఔనన్నారు, 115 మంది కాదన్నారు. ముద్ర పేరు వినగానే పరిశ్రమకు చలిజ్వరం వచ్చింది. మాజీ సెనేటర్లను వకాల్తాకు దింపింది. ముద్ర పోయింది, దాని స్థానంలో ఒట్టు వచ్చింది. సెనేటర్ టామ్ హార్కిన్, ప్రతినిధి ఇలియట్ ఎంగెల్ పేర్లు పెట్టిన ఒప్పందం మీద ఆ సెప్టెంబరులో కంపెనీలు సంతకాలు చేశాయి. ఐవరీ కోస్ట్, ఘనా తోటల్లో పిల్లలతో చేయించే ఘోరమైన చాకిరీని రూపుమాపుతామని, అది లేకుండా పండిన కోకో అని ధ్రువీకరించే పద్ధతిని 2005 జూలైకల్లా తెస్తామని అన్నాయి.

2005 వచ్చింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, తలుపు మీద 2008 అని రాశారు. అదీ వచ్చింది. 2010 అని దిద్దారు. 2010లో ‘రూపుమాపడం’ కాస్తా చిక్కి ‘70 శాతం తగ్గించడం’ అయింది, గడువు మాత్రం ఒళ్ళు చేసి 2020కి పోయింది. ఆ 2020లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నార్క్ సంస్థ లెక్క బయటికొచ్చింది. రెండు దేశాల్లోనూ కలిపి కోకో పనిలో 15.6 లక్షల మంది బాలకార్మికులు. కోకో పండే ప్రాంతాల్లో సేద్యం చేసే ఇళ్ళ పిల్లల్లో అంతకు పదేళ్ళ ముందు 31 శాతం మంది ఈ బాపతు, ఆ లెక్క నాటికి 45 శాతం. అడిగింది తగ్గించమని.

ఈ విద్యకు గురువులు లేకపోలేదు. సావో టోమే దీవిలో కోకో పండిస్తున్నది బానిసలేనని క్యాడ్‌బరీ వారి చెవిన పడింది 1901లో. వాళ్ళు దైవభీతి గల క్వేకర్లు, పనివాళ్ళకు తోటల మధ్య ఇళ్ళు కట్టించిన పుణ్యాత్ములు, అందులో వెటకారం ఏమీ లేదు. విచారణకు మనిషిని పంపారు. నిజమేనని ఆయన చెప్పాడు. ఆ తర్వాత కూడా కొంటూనే ఉండి, 1909లో మానేశారు. ఈలోగా ఒక పత్రిక ఏకిపారేస్తే పరువునష్టం దావా వేశారు. జ్యూరీ కంపెనీ పక్షానే తీర్పు చెప్పి, నష్టపరిహారం ఒక ఫార్దింగ్ ఇప్పించింది. పెన్నీలో నాలుగోవంతు, మన భాషలో కాణీ. పరువు ఆ ధర పలికింది. సరే, సావో టోమేని వదిలి గింజల కోసం ఎటు తిరిగారు? గోల్డ్ కోస్ట్ వైపు. అంటే నేటి ఘనా.

కోకో కాయ కొట్టడం చూశారా? ఎడమచేతిలో కాయ, కుడిచేతిలో మూరెడు కత్తి. ఒక్క దెబ్బ వేసి, కత్తి మొనతోనే తొక్క విడదీయాలి. గురి తప్పితే వేళ్ళు పోతాయి. లోపల తెల్లటి గుజ్జు అంటుకున్న ముప్పై నలభై గింజలు. వాటిని అరిటాకుల కింద ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తాలి. ఆ కత్తి పట్టిన పిల్లలు ఎక్కువమంది ఎవరో ఎత్తుకొచ్చినవాళ్ళు కారు, సొంత బిడ్డలే. కూలీకి ఇవ్వడానికి డబ్బు లేని తండ్రి కొడుకుని పిలుస్తాడు.

గోదాములో అసలు మాయ మొదలవుతుంది. ‘నైతికం’ అని చీటీ ఉన్న పది బస్తాలు, ఏ చీటీ లేని తొంభై బస్తాలు ఒకే కుప్పగా పోయవచ్చు. అందులోంచి ఏ పది బస్తాలు తీసినా అవి నైతికమే. దీని శాస్త్రీయ నామం మాస్ బ్యాలెన్స్. మా పాలవాడు ఒక బిందె ఆవుపాలు, తొమ్మిది బిందెల గేదెపాలు ఒకే గంగాళంలో పోసి, పదో ఇంటికి ‘అచ్చమైన ఆవుపాలమ్మా’ అని కొలిస్తే చెంబు విసిరేవాళ్ళం. కంపెనీ పొట్లం వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఆ సంగతి చెబుతుంది. పాలవాడికి ఆ తెలివి లేకపోయింది.

కంపెనీలవాళ్ళు పిల్లలకు పలకలిస్తారు, తండ్రులకు శిక్షణ ఇస్తారు, ఉపగ్రహంతో చెట్లు లెక్కపెడతారు. గింజ ధర దగ్గరికి వచ్చేసరికి అందరికీ దగ్గు వస్తుంది. 2020 పంట నుంచి టన్నుకు 400 డాలర్లు అదనంగా ఇవ్వాలని ఘనా, ఐవరీ కోస్ట్ పట్టుబడితే, కొనేవాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకుని, నాణ్యత పేరిట ఇచ్చే వేరే అదనాన్ని సున్నా కిందికి నొక్కారు. కుడిచేత్తో పెట్టింది ఎడమచేత్తో లాక్కోవడం. 2024 చివర న్యూయార్కులో టన్ను 12,000 డాలర్లు దాటిన రోజుల్లో ఐవరీ కోస్ట్ రైతుకు కిలోకు 1,800 ఫ్రాంకులు, అంటే టన్నుకు దాదాపు మూడు వేల డాలర్లు. ఇక్కడ తిట్లన్నీ కంపెనీకే పోయకూడదు, ధర కట్టేది సర్కారు, పంటను ముందే అమ్ముకున్నదీ అదే.

ఇదంతా సముద్రాల అవతలి గొడవ అనుకునేరు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి కొబ్బరితోటల నీడలో. 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా చూసిన రైతు, 2025లో సగం కూడా రాక రోడ్డెక్కాడు. చివరికి కిలోకు కొంత ప్రభుత్వం తన జేబులోంచి కలిపింది. కంపెనీలు వల్లె వేసే ‘సుస్థిరం’ అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. కంపెనీ ఖర్చు సుస్థిరంగా ఉండాలన్నమాట.

2001లో పదేళ్ళున్న కుర్రాడికి ఇప్పుడు ముప్పై దాటాయి. వాడి కొడుక్కి కాయ కొట్టే ఈడు వచ్చింది. తలుపు మీద 2030 అని కొత్త సుద్దతో, గుండ్రటి దస్తూరీతో రాసి ఉంది.