తాపీగా తాపీ పట్టిన రోజులు

2020 మార్చి 24 అర్ధరాత్రి కరోనా లాక్‌డౌన్‌తో దేశమంతా తలుపులు మూసుకుంది. తెల్లారేసరికి ఇంటికో వడ్రంగి, ఇంటికో ప్లంబరు, ఇంటికో సుతారి మేస్త్రి పుట్టుకొచ్చారు. టీవీలో నిపుణులు, పేపర్లో ఆదివారం అనుబంధాలు, వాట్సాప్‌లో బావమరుదులు అందరిదీ ఒకటే పాట: ఇంటి పని స్వయంగా చేసుకుంటే మనసు కుదుటపడుతుంది, డబ్బు మిగులుతుంది, కొత్త విద్య వస్తుంది, ఆలుమగల మధ్య అనురాగం పెరుగుతుంది. నాలుగు లాభాలు, పైసా ఖర్చు లేదు! కామారెడ్డి దగ్గరి దోమకొండలో కాలక్షేపం చేస్తున్న రిటైర్డు పంతుల్ని నేను. ఆ నెలల్లో పింఛనులో కోత పడినా ఎంతో కొంత పడుతూనే ఉంది. లాభం అన్న మాట చెవిన పడ్డాక ఊరుకోగలనా?

ముందుగా అనురాగం సంగతి. ఏప్రిల్‌లో ‘అర్జున్ రెడ్డి’ దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ‘బి ద రియల్ మ్యాన్’ అంటూ మగవాళ్లు ఇంటి పని చేసి చూపాలని సవాలు విసిరారు. రాజమౌళి ఇల్లు ఊడ్చి, ఎన్టీఆర్‌నూ రామ్ చరణ్‌నూ పిలిచారు. రామ్ చరణ్ మాకు పరాయివాడు కాదు. మా ఊరి గడీ కోట కామినేని వారిది, ఉపాసన ఆ ఇంటి ఆడపడుచు. అంటే ఊరి అల్లుడే. అల్లుడుగారు ఇంటి పని చేసి భార్యకు కాఫీ కలిపి ఇచ్చిన వీడియో ఊరంతా తిరిగింది. మా ఇంటావిడ అది చూసి ఫోను పక్కన పెట్టి, నా వైపు ఒక చూపు చూసింది. లేచాను. చీపురు పట్టాను. మనవడు వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తీయడం అయిపోగానే చీపురు గోడకు ఆనించి, ఎంతమంది చూశారో లెక్కపెడుతూ కూర్చున్నాను.

“రేపు గుడ ఊడుస్తవా?” అంది ఆమె.

నలభై ఏళ్లుగా ఆ ఇల్లు ఊడుస్తున్న మనిషి ఆమె. ఒక్కనాడూ ఎవరూ ఫోను ఎత్తి పట్టింది లేదు, సవాలు విసిరింది లేదు. నేను ఒక్క గది ఊడ్చినందుకు నాకు ముప్పై రెండు బొటనవేళ్లు వచ్చాయి. ఆ రాత్రి అనురాగం పెరిగిన జాడ మాత్రం కనబడలేదు.

ఇక ‘ఇంట్లోనే కూర్చుని పని’ అనే మహత్తర ఆవిష్కరణ. దాన్ని హైదరాబాద్ ఐటీ కంపెనీలు కనిపెట్టాయని ఆ రోజుల్లో పేపర్లు రాస్తుంటే మా వాడకట్టు ఆడవాళ్లు నవ్వుకున్నారు. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో తరాలుగా ఆడవాళ్లు చేస్తున్నది అదే కదా. ఒళ్లో చాట, చాటలో నానబెట్టి కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు, దారం. ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కట్టేసరికి ఒక బీడీ. అలా వెయ్యి చేస్తేగానీ కూలి లెక్క కుదరదు. మాటలు ఆగవు, పొయ్యి మీద అన్నం ఆగదు, చేతులు అసలే ఆగవు. స్వయంగా చేసుకోవడంలో ఇంతకు మించిన పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది?

చిత్రం చూడండి. దేశమంతా ఇంటి నుంచి పని మొదలుపెట్టిన నాడే వీళ్ల పని ఆగింది. ఆకు రాలేదు, తంబాకు రాలేదు, కార్ఖానా తలుపు తెరుచుకోలేదు. మా ఎదురింటి ఆమె అలవాటు కొద్దీ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ఉత్త చాట ఒళ్లో పెట్టుకుని అంచున ఊడిన దారం సవరించుకుంటూ ఉండేది. సర్కారు మనిషికి పన్నెండు కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. బియ్యం స్వయంగా వండుకోవచ్చు, నిజమే. మనసు కుదుటపడటానికి మాత్రం కుండకు రంగులేసే వీడియో చూడమని ఆమెకు చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

స్వయంగా చేసుకున్నవాళ్లను ఇంకా చూడాలనుకుంటే కామారెడ్డి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద నిలబడితే సరిపోయేది. హైదరాబాద్‌లో మేడలు కట్టిన చేతులు నెత్తిన మూటలు మోస్తూ ఉత్తరానికి నడిచాయి. తమ ప్రయాణం తామే చేసుకున్నారు పాపం, బస్సు లేకుండా, రైలు లేకుండా. లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక రైలు కదిలింది మే 1న. మే 12న ప్రధాని ‘ఆత్మనిర్భర్’ అన్న మాట జాతికి అందించారు. దారిన పోయేవాళ్లకు ఆ పాఠం అప్పటికే నోటికి వచ్చేసింది.

సరే, నా ఘనకార్యానికి వద్దాం. మా పెరటి గోడ తాతల నాటి మట్టిగోడ, పైన సున్నపు పూత. అందులో జానెడు పగులు. కొట్లన్నీ మూసి ఉన్నాయి. అయితేనేం, ఆ ముందటేడు బాత్‌రూం కట్టినప్పుడు మిగిలిన అరబస్తా సిమెంటు అటక మీద ఉంది. అది గడ్డకట్టి రాయి అయింది. రోకలితో దంచి పొడి చేశాను. ఫోనులో ఒక కుర్రవాడు ‘పది నిమిషాల్లో పగుళ్లు మాయం’ అన్నాడు. నాకు రెండు రోజులు పట్టింది. పూత పూసి, నున్నగా రుద్ది, ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. చెయ్యి తిరిగిన మేస్త్రివంటే మేస్త్రివి అన్నారు.

జూన్‌లో తొలి వాన పడింది. నా సిమెంటు పూత అప్పడంలా లేచి ఊడిపడింది. ఒంటరిగా పడలేదు, వెంట గోడలో సగం మట్టిని తీసుకుపోయింది. జానెడు పగులు మూరెడు బొక్క అయింది.

సుతారి వచ్చాడు. మిగిలిన పూత మీద వేలి కణుపుతో టకటక కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

“ఇది మీరే ఏసిండ్రా సార్?”

“అవును.”

“లోపల అంతా డొల్ల. మట్టిగోడకు సిమెంటు ఏస్తే ముక్కు మూసినట్టే. తేమ బయటికెట్ల పోతది సార్? గోడ ఊపిరి తీస్కోవద్దా?”

ఉన్న సిమెంటంతా గీకి పారేశాడు. గోడ మీద నీళ్లు చిలకరించి, అది తాగేదాకా బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. మళ్లీ చిలకరించాడు. చెయ్యి ఆనించి చూసి, అప్పుడు మట్టి పట్టించాడు, ఆరాక సున్నం పూశాడు. నేను రెండు రోజులు రుద్దిన చోట అతని తాపీ నాలుగుసార్లు తిరిగిందంతే. సిమెంటు రాక ముందు పెద్దలు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి గానుగలో రుబ్బి గోడలు లేపారు. ఆ విద్య పది నిమిషాల వీడియోలో దొరకదు. శిథిలమైన మా దోమకొండ కోటను ఏళ్ల తరబడి బాగుచేయిస్తే, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. కాలక్షేపానికి తాపీ పట్టినవాళ్ల వల్ల వచ్చింది కాదది.

పని అయ్యాక సుతారి రెండు దినాల కూలి అడిగాడు. రెండు నెలలు పని లేక కూర్చున్న మనిషి. లాక్‌డౌన్‌లో శ్రమ విలువ తెలిసిందని గ్రూపులో నాలుగు పేరాలు రాసిన నేను, వంద తగ్గించమన్నాను. అతను బేరమాడలేదు. “మీకెట్ల తోస్తే గట్లియ్యిండ్రి సార్” అని చేతులు కడుక్కున్నాడు.

కాబట్టి పాఠకులకు మనవి. మీ నల్లా మీరే బిగించుకోండి, మీ బల్లకు మీరే రంగు వేసుకోండి, ఇల్లు రోజూ ఊడ్చండి, వీడియో లేకుండా. చేతకాక మేస్త్రిని పిలిచిన నాడు మాత్రం అడిగిన కూలి ఇచ్చి పంపండి. లాక్‌డౌన్‌లో సొంత పని వల్ల నాకు మిగిలిన లాభమంతా లెక్క కడితే తేలింది ఆ వంద రూపాయలే. అదీ నాది కాదు.